కిరాయి బండి

మా మేనమామది సూర్యాపేట. పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చినప్పుడు ఆయన ఇంటి ముందు పసుపు నంబరు ప్లేటున్న కారు దిగాను. మామ ముందు కారు వంక చూశాడు, తర్వాత నా వంక. "మన బండి ఉండంగ కిరాయి బండెందుకురా? మేమేమన్న పరాయోళ్లమా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ భోజనాల దగ్గర మళ్లీ అన్నాడు. బయల్దేరేటప్పుడు అత్తయ్య ఇంకోసారి అంది.

కిరాయికి తీసుకోవడానికి నా కారణం నాకుంది. అంతకు ముందు వచ్చినప్పుడు పన్నెండు రోజులు మామ కారులోనే తిరిగాం. వాళ్లబ్బాయి నడిపాడు. డీజిల్ కొట్టించాను, చివర్న కడిగించి ఇచ్చాను, లెక్క సరిపోయిందనుకున్నాను. ఆ పన్నెండు రోజులూ మామ మిర్యాలగూడలో తను లెక్కలు చూసే రైసు మిల్లుకు బస్సులో పోయి వచ్చాడని ఆరు నెలల తర్వాత ఫోన్లో అమ్మ నోరు జారింది. ఆయనకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఇంకెప్పుడూ ఎవరి బండీ అడగొద్దని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

నేనే నడుపుకోవచ్చు కదా అంటారేమో. హైదరాబాదులో నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో సెల్ఫ్ డ్రైవ్ కార్లు దొరుకుతాయి. కానీ నా ఇక్కడి లైసెన్సు గడువు తీరిపోయింది, ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోలేదు, క్లచ్ తొక్కి తొమ్మిదేళ్లయింది. తెలిసినతను ఒకరు తన తెల్ల ప్లేటు కారు సగం రేటుకే ఇస్తానన్నాడు. సొంత వాడకానికి చేయించిన ఇన్సూరెన్సు కిరాయికి తిప్పితే వర్తించదు. ఏదన్నా జరిగితే నేను ఫ్లైటెక్కి వెళ్లిపోతాను, కోర్టు చుట్టూ తిరిగేది అతను, దెబ్బ తగిలినవాడు. అందుకని నాన్నకు తెలిసిన ఓనరు దగ్గర, కోదాడలో, పసుపు ప్లేటు కారు, డ్రైవరుతో సహా మాట్లాడుకున్నాం. రోజుకింత, కిలోమీటర్లు దాటితే ఇంత, రాత్రి అయితే బత్తా. అంతా పద్ధతి ప్రకారం చేశానని నాకు తృప్తిగా కూడా ఉండింది.

మార్సెల్ మోస్ 1925లో బహుమతి మీద రాసిన వ్యాసంలో ఒక సంగతి ఉంది. ఇచ్చిన వస్తువు ఊరికే రాదు, తీసుకున్నవాడి మీద తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత పెట్టి వస్తుంది. మామ కారు అలాంటిది. డబ్బు ఈ బాధ్యతను తెంపేస్తుందని, మనిషి మీద ఆధారపడే అవసరం లేకుండా చేస్తుందని అంతకు పాతికేళ్ల ముందే జార్జ్ సిమ్మెల్ అన్నాడు. పెద్దవాళ్ల మాటలు పెట్టి చెప్పాను గానీ నాక్కావలసింది చాలా మామూలు విషయం. ఎవరికీ బాకీ ఉండకుండా పది రోజులు తిరిగి పోవాలి.

మొదటి రోజే తేడా కనిపించింది, నేను పట్టించుకోలేదు. మిర్యాలగూడలో మా అత్తగారింట్లో వడ్డన మొదలయ్యాక "డ్రైవరుకు అక్కడికే పంపిస్తాంలెండి" అన్నారు. పేపర్ ప్లేటులో అన్నం, రెండు కూరలు, గ్లాసులో పప్పుచారు కారు దగ్గరికి వెళ్లాయి. పోయినసారి మామ కొడుకు నా పక్కనే కూర్చుని తిన్నాడు. అదే ఊరు, అదే ఇల్లు, అదే పని చేసినవాడు. ఈసారి ఒక మనిషి పది రోజులూ ఇళ్ల బయటే ఉన్నాడు. ఏ ఇంట్లో ఎంతసేపు పడుతుందో నేను చెప్పలేదు, అతను అడగలేదు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, అతను నన్ను "సార్" అనేవాడు. ఆ అన్నా అన్న పిలుపుతోనే నా వంతు అయిపోయిందనుకున్నానేమో.

చివరి రోజు అందర్నీ ఒక చుట్టు చూసి వద్దామని పొద్దున ఆరింటికి కోదాడలో బయల్దేరాం. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, అక్కణ్నుంచి సూర్యాపేట, రాత్రి ఏడున్నరకు మళ్లీ కోదాడ. ఫ్లైటు తెల్లవారుజామున. తొమ్మిదింటికి సామాన్లు ఎక్కించి శంషాబాదుకు బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ, పాప నిద్రపోతున్నారు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలు దాటాక, పదకొండు దాటింది, కారు మెల్లగా తెల్ల గీత దాటి ఎడమకు జారుతోంది. ముందు, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ. "అన్నా!" అని అరిచాను. కారు ఒక్క ఊపుతో మళ్లీ రోడ్డు మీదికొచ్చింది.

టీ కొట్టు దగ్గర ఆపించాను. పొద్దున ఎన్నింటికి లేచావని పది రోజుల్లో మొదటిసారి అడిగాను. "నాలుగింటికి సార్. నాకేం గాదు, మీకు ఫ్లైటు ఉంది గదా, పోదాం" అన్నాడు. పాపను చూశాను. కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. అతని మీదే వచ్చింది. టీ చల్లారేలోపు లెక్క వేసుకుంటే, ఆ రోజు ప్రోగ్రామంతా నేను రాసిందే.

మోటారు రవాణా కార్మికుల పనిగంటలు రోజుకు ఎనిమిదని 1961లోనే చట్టం చేశారు. ఆ చట్టం వర్తించింది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే. మూడు కార్లున్న కోదాడ ఓనరులాంటివాళ్లు దాని కిందికి రాలేదు. అమెరికాలో సరుకు లారీ నడిపేవాడు పదకొండు గంటలకు మించి నడపకూడదు, అదీ వరసగా పది గంటల విశ్రాంతి తర్వాతే. మా ఆఫీసులో రాత్రి ఆన్‌కాల్ చేసినవాణ్ణి మర్నాడు ప్రొడక్షన్ ముట్టుకోనివ్వం. సర్వరు పడిపోతే ఎవరూ చావరు, అయినా సరే. ఈ జాగ్రత్తలన్నీ తెలిసిన నేను ఇక్కడ పదిహేడు గంటలు ఒక మనిషిని వాడాను. బత్తా ఇస్తున్నాను కాబట్టి అడగాల్సిన పని లేదనిపించింది. మామ కారయితే అడిగేవాణ్ణి. అడక్కపోయినా వాళ్లబ్బాయి "నాతో కాదు బావా" అనేవాడు. మామకు బాకీ పడితే ఆయన వసూలు చేసుకోగలడు, కనీసం ఎత్తిపొడవగలడు. బాకీ వద్దనుకుని నేను దాన్ని తీసేయలేదు, అడగలేని మనిషి నెత్తిన పెట్టాను.

సీటు వెనక్కి వాల్చి అరగంట పడుకొమ్మన్నాను. మొహమాటపడుతూనే పడుకున్నాడు, రెండు నిమిషాల్లో గురక. మా ఆవిడ గడియారం చూస్తూ, నన్ను చూస్తూ నిలబడింది.

ఎయిర్‌పోర్టులో సామాను దించాక లెక్క ప్రకారం ఇచ్చి, పైన రెండు వేలు పెట్టాను. తీసుకున్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వచ్చాడు. "సార్, కన్ను మూతపడ్డదని మా ఓనరుకు చెప్పకుండ్రి."

చెప్పనన్నాను. చెప్పలేదు. నా తర్వాత ఆ కారెక్కేవాళ్ల సంగతేమిటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చెబితే అతని ఉద్యోగం పోతుంది, ఇంకొకడు వస్తాడు, వాడూ పదిహేడు గంటలు నడుపుతాడు. పైగా నేను చేయించిన తప్పుకు నేనే సాక్షిగా వెళ్లడం నాకు మింగుడుపడలేదు. అయినా చెప్పకపోవడం సరైన పనేనని గట్టిగా అనలేను.

మొన్న మామ ఫోన్ చేశాడు. శ్రావణంలో చిన్నమ్మాయి పెళ్లి. "మీ కోదాడ డ్రైవరు ఎట్లుండె? అతన్ని మాట్లాడమంటవా?" అన్నాడు. బాగా నడుపుతాడన్నాను. కానీ రాత్రి ప్రయాణం ఉంటే ఆ పగలు పని పెట్టొద్దు, పడుకోనివ్వండి, భోజనం పందిట్లోనే పెట్టండి అన్నాను.

మామ కాసేపు మాట్లాడలేదు. "అట్లయితే పెండ్లికి ఇద్దరు డ్రైవర్లు గావాల్రా" అన్నాడు. ఇద్దర్ని మాట్లాడండి, రెండో అతని డబ్బులు నేను పంపిస్తానన్నాను.

"మళ్ల కిరాయేనా?" అన్నాడు మామ.