ఫలం ఎవరిది?

ఫలాపేక్ష లేకుండా పని చేయాలన్న గీతా బోధ నాన్న నోట వింటూ పెరిగాను. లండన్‌లో సామాజిక విధానం ఎం.ఎస్సీ. చదువుతుంటే అదే నన్ను నిలదీసింది.

1970ల్లో న్యూజెర్సీలోని రావే జైలుకు దారి తప్పుతున్న పిల్లల్ని తీసుకెళ్లి, ఖైదీల చేత బెదిరింపజేసేవారు, భయపడి బాగుపడతారని. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన 9 ప్రయోగాల్ని పరిశోధకుడు ఆంథొనీ పెట్రోసినో బృందం వెతికి, ఒకచోట చేర్చి తూచింది. ఏమీ చేయకుండా వదిలేసిన దానికంటే ఎక్కువ హాని జరిగిందని తేలింది! నడిపినవాళ్లు మంచి కోరినవాళ్లే. అదే నన్ను కలచివేసింది.

నా పని ఫలం నేను ఆశించకపోవచ్చు. కానీ దాన్ని అనుభవించేది పరాయి పిల్లవాడైతే, అటు చూడకుండా ఉండే హక్కు నాకెక్కడిది?

నచ్చని అధ్యయనాల్నీ, అచ్చుకాకుండా మూలపడినవాటినీ వెతకమంటుంది, అధ్యయనాల్ని ఇలా ఒకచోట చేర్చి తూచే ఈ పద్ధతి. అందులో నాకు నిష్కామమే కనిపిస్తోంది. నా పరిశోధనకు ఏ అధ్యయనాలు తీసుకోవాలో, ఏవి వదలాలో ఫలితాలు చూడకముందే రాసిపెడుతున్నాను.