నొప్పి, నొచ్చుకోలు, ఓర్పు

తెలుగులో 'నొప్పి' ప్రధానంగా దేహానికి చెందిన మాట కాగా, అదే ధాతువుకు చెందిన 'నొచ్చుకోవడం' మనస్సుకు చెందుతుంది; 'బాధ' అన్న మాటకైతే ఆ విభజన కూడా లేదు. వాడుకలో ఇలా కలిసి ఉన్నవాటిని శాస్త్రకారులు వేరుచేసి, మనోవ్యథను 'ఆధి' అనీ, దేహరుగ్మతను 'వ్యాధి' అనీ అన్నారు. అయితే యోగవాసిష్ఠం ఆధి నుండి వ్యాధి పుడుతుందని చెప్పగా, చరకసంహిత దేహమూ మనస్సూ రెండూ రోగాలకు ఆశ్రయాలేననీ, ఒకదానిని మరొకటి అనుసరిస్తుందనీ చెప్పింది.

ఆధునిక వైద్యం చరకుని మతానికే దగ్గరగా ఉంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చి 2020లో సవరించిన నిర్వచనంలో నొప్పి ఇంద్రియానుభవమే కాక భావానుభవం కూడా. నొప్పి సంకేతాల అదుపులోనూ, మనఃస్థితిలోనూ పాలుపంచుకునే నాడీరసాయనాలలో సెరటోనిన్ ఒకటి. దానిపై పనిచేసే డులోక్సెటిన్ అనే మందును కుంగుబాటుకూ, మధుమేహం వల్ల నరాలలో పుట్టే నొప్పికీ కూడా వాడతారు.

దేహమే పనిముట్టైన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ సినీలోకంలో దేహానికీ మనస్సుకూ ఉన్న ఈ ముడి మరింత సూటిగా ఎదురవుతుంది. కాల్షీటు తప్పితే పదిమంది పని ఆగిపోయే ఆ వృత్తిలో నొప్పిని దాచుకోవడమే నిబద్ధతగా చలామణి అవుతుంది. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్, అంటే కండరాలు వాచి బలహీనపడే జబ్బు, ఉన్నదని వెల్లడిస్తూ, చేతికి సెలైన్ గొట్టం ఉండగానే 'యశోద' సినిమా డబ్బింగ్ మైకు ముందు కూర్చున్న ఫొటోను పంచుకున్నారు. మంచి రోజులూ చెడ్డ రోజులూ శరీరానికే కాక మనస్సుకూ ఎదురయ్యాయని కూడా రాశారు.

నొప్పితో మనస్సు కుంగినవారిలో ఓర్పు లోపించిందనవచ్చునా? దేహపు నొప్పి మొదటి బాణమైతే దానికై కలిగే శోకం రెండవదనీ, శిక్షణ పొందినవానికి ఆ రెండవది తగలదనీ బుద్ధుడు చెప్పాడు. వివేకచూడామణి మరింత కఠినంగా, దుఃఖాన్ని ప్రతిక్రియ తలపెట్టక, చింతించక, విలపించక సహించడమే 'తితిక్ష' అన్నది. కానీ ఆ లక్షణం ముముక్షువు, అంటే మోక్షం కోరేవాడు, తనకు తానుగా పూనే సాధనకు సంబంధించినదే తప్ప ఇతరులను కొలిచే కొలబద్ద కాదు. పైగా ఈ రెండు బోధలూ వివేకం పనిచేస్తున్న మనస్సును ఉద్దేశించినవి. కుంగుబాటు ఆ వివేకాన్నే మసకబార్చే రోగం కనుక, రోగిని ఓర్చుకొమ్మనడం విరిగిన చేతితోనే కట్టు కట్టుకొమ్మనడం వంటిది.

'మనోవ్యాధికి మందు లేదు' అన్న సామెత మందులే లేని కాలపు నిస్సహాయతను చెబుతుంది. డబ్బింగ్ గదిలోని సెలైన్ గొట్టం ఓర్పుకు లోటుగా సాధారణంగా ఎవరికీ తోచదు. మనస్సుకు తీసుకునే మందును ఓటమిగా ఎంచేవారు దేహానికొక ధర్మం, మనస్సుకొక ధర్మం పాటిస్తున్నారన్నమాట.