స్మరణము - శోకము

పోయినవారిని గూర్చి గాని, ఉన్నవారిని గూర్చి గాని పండితులు దుఃఖింపరని భగవద్గీత 2వ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ అర్జునునకు ఉపదేశించెను. నిత్యము గీతాపారాయణము చేయువారికి సైతము ఆప్తులు దూరమైనపుడు ఒక సందేహము కలుగును. దుఃఖింపరాదన్నచో, తలచుకొనుటయు తగదా? స్మరణము కూడ మోహమేనా?

గత పుష్యమాసమున నా చిన్ననాటి నేస్తము పరమపదించినది మొదలు ఈ ప్రశ్న నన్ను వీడలేదు. మేమిరువురము ఒకే వీధిలో పెరిగితిమి. అట్లతద్ది నాడు తెల్లవారుజామున లేచి, గోంగూర పచ్చడితో అన్నము తిని, ఉయ్యాలల కొఱకు పరుగెత్తెడివారము. వేసవి మధ్యాహ్నములందు అరుగుపై గవ్వలతో అష్టాచెమ్మా ఆడెడివారము. గవ్వ గోడకు ఆని ఒరిగి నిలిచినచో, ఆ పందెము తనకు లాభమైనను, "ఇది చెల్లదే, మళ్ళీ వేస్తాను" అనెడిది. ఓడినచో మాత్రము మూతి ముడుచుకొని మరునాటి వరకు మాటలాడెడిది కాదు.

వివాహములైన పిదప ఆమెది ఒక ఊరు, నాది ఒక ఊరు. "ఒక్కసారి వచ్చి పోవే" అని ఆమె వ్రాసిన చివరి ఉత్తరమునకు నేను బదులు వ్రాయలేదు. సంక్రాంతి వెళ్ళిన పిదప పోవచ్చునులే అనుకొంటిని. సంక్రాంతికి ముందే ఆమె వెళ్ళిపోయినది.

భాద్రపద బహుళ పాడ్యమి మొదలు అమావాస్య వరకు మహాలయ పక్షము. ఆ తర్పణములందు పితృదేవతలకే గాక గురువులకు, మిత్రులకు గూడ స్థానము కలదు. మావారు తర్పణములకు కూర్చుండునపుడు ఆమె పేరు కూడ చెప్పవలసినదిగా కోరితిని. పురోహితులు గోత్రమడిగిరి. నాకు నోట మాట రాలేదు. పుట్టినింటి గోత్రము తెలియును. చెప్పవలసినది మెట్టినింటిది గదా! ఆమె గవ్వలు విసరు తీరు నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది గాని, 40 ఏండ్లకు పైగా ఆమె ఏ గోత్రపు ఇల్లాలుగా బ్రదికినదో నేనెరుగను.

"తెలియనిచో కాశ్యప గోత్రమని చెప్పవచ్చునమ్మా, దోషము లేదు" అని పురోహితులనిరి. శాస్త్రము దయ గలది. కాని నా చెవులలో "ఇది చెల్లదే" అను పాత మాట వినిపించెను. ఫోనులో అడుగుటకు ముఖము చెల్లక ఆమె కుమార్తెకు ఉత్తరము వ్రాసితిని. అందిన నాడే ఆ పిల్ల ఫోను చేసి గోత్రము చెప్పినది. "అమ్మ మీ ఉత్తరం కోసం చాలా రోజులు ఎదురుచూసింది పిన్నీ" అని కూడ అన్నది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందువలననే అది నాకు మరింత బరువైనది.

ఆలోచింపగా నాకు తోచినది ఇది. శోకము "నాకు లేకపోయెనే" అని తన్ను గూర్చి తలచును. స్మరణము "ఆమె యిట్టిది" అని పోయినవారిని గూర్చి తలచును. గీత వారించినది మొదటి దానినే. స్మరణమే మోహమైనచో, భాగవత దశమ స్కంధమున కుచేలుడు వచ్చినపుడు స్వామి గురుకులపు సంగతులు ఏల తలచును? సాందీపని ఇంటికి కట్టెలు తెచ్చుటకై అడవికి పోయి, వానలో చిక్కి, చీకటిలో దారి తెలియక తిరిగిన రాత్రిని స్వామియే గుర్తు చేసెను. మిత్రునకు ఐశ్వర్యమిచ్చుటకు ముందు ఇచ్చినది ఆ జ్ఞాపకమే.

అయితే ఒక్క భేదము కలదు. మిత్రుడు ఎదుట కూర్చుండియుండగా స్వామి తలచెను. నేను నేస్తము పోయిన పిదప తలచితిని. బ్రదికియున్నపుడు వ్రాయని ఉత్తరమునకు తర్పణము బదులు కాజాలదు.

అమావాస్య నాడు ఆమె పేరిట, ఆమె గోత్రముతోనే, తిలోదకములు విడిచిరి. నా ఋణము తీరినదని చెప్పను. వచ్చిన ఉత్తరమునకు ఆ వారములోనే బదులు వ్రాయవలెనని మాత్రము ఆనాటినుండి నియమము పెట్టుకొంటిని. పోయినవారి స్మరణము ఉన్నవారి యెడల మనకు మెలకువ కలిగించినచో, అది బంధము కాదు. చదువరులారా! మీ పెట్టెలో బదులు వ్రాయని ఉత్తరమేదైన నున్నచో, నేడే బదులు వ్రాయుడు.