మారణకాండ జరిగిన చోటికి పరాయి యాత్రికుడు

మనుషుల్ని మూకుమ్మడిగా చంపిన చోటును చూడబోవడం తీర్థయాత్రా, విహారమా అనే ప్రశ్న పర్యాటక శాఖలు పుట్టకముందు నుంచీ ఉన్నదే. చావు జరిగిన చోట బంధువుకు పని ఉంటుంది: ఏడుస్తాడు, కర్మ చేస్తాడు, మైల తీర్చుకుంటాడు. ఏ బంధుత్వమూ లేని దారినపోయేవాడికి అక్కడ ఏం పని?

శ్రాద్ధ విధిలో దీనికి కొంత జవాబు దొరుకుతుంది. భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షంలో చతుర్దశిని ఆయుధాల వల్ల పోయినవారికి ప్రత్యేకంగా కేటాయించారు. తర్పణంలో కన్నవారితో ఆగకుండా గురువుకూ, స్నేహితుడికీ కారుణ్య పితరులుగా నీళ్లు వదులుతారు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెబుతారు. అంటే రక్తసంబంధం లేనివాడికి నీళ్లు వదలడం తప్పు కాదు. కానీ పేరు పలకాలి. ఎవరికో తెలియకుండా వదిలిన నీళ్లకు విధిలో చోటు తక్కువ.

మహాభారతం స్త్రీపర్వంలో గాంధారి దివ్యదృష్టితో యుద్ధభూమిని చూస్తూ, పడినవారిని ఒక్కొక్కరినే పేరుతో కృష్ణుడికి చూపిస్తుంది. ఆమె చూపు అక్కడితో ఆగదు, ఇంతమంది చావుకు బాధ్యుడెవరో కృష్ణుడి మొహం మీదే అడుగుతుంది. ఆ తర్వాత ధర్మరాజు అందరికీ దహనాలు చేయిస్తాడు. దిక్కులేనివారికీ, శత్రుపక్షంవారికీ కూడా. చివరికి గంగ ఒడ్డున నీళ్లు వదిలే వేళ కుంతి నోరు విప్పుతుంది, కర్ణుడు ఎవరి కొడుకో అప్పుడు తెలుస్తుంది. చూడటం, పేరు చెప్పడం, కారకుణ్ణి నిలదీయడం, దాచిన నిజం బయటపడటం ఒకే వరసలో జరుగుతాయి. వీటిలో మొదటిదొక్కటే చేసి బస్సెక్కే యాత్రికుడు పని సగంలో వదిలేసినట్టే.

కంబోడియాలో ఈ చిక్కు మరో రూపంలో వచ్చింది. నామ్‌పెన్ దగ్గర చోయుంగ్ ఎక్‌లో ఖ్మేర్ రూజ్ పాలకులు చంపినవారి గోతుల్లోంచి దాదాపు 9,000 మంది అవశేషాలు తీశారు. 1988లో కట్టిన స్తూపంలో పుర్రెలను అద్దాల వెనక పేర్చారు. బౌద్ధ ఆచారం ప్రకారం దహనం కావలసిన ఎముకలవి. దహనం చేయాలని రాజు సిహనూక్ కోరాడు. సాక్ష్యంగా ఉంచాలని ప్రభుత్వం పట్టుబట్టింది. రెండు వాదనలకూ బలం ఉంది. అయితే ఆ అద్దం ముందు ఫోన్ పట్టుకుని నిలబడే సందర్శకుడు పేరులేని పుర్రెతో సెల్ఫీ తీసుకోవడాన్ని మాత్రం ఏ శాస్త్రమూ సమర్థించదు.

మన దగ్గరికి వస్తే, శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస ప్రాంతం ఒకప్పటి కళింగంలో భాగం. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని అశోకుడే 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. బతికి మిగిలినవారి దుఃఖాన్నీ లెక్కలో వేశాడు. చంపినవాడే రాయించిన స్మారకం ఇది, లోకంలో అరుదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఈ శాసనం ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడల్లో మాత్రం లేదు. అక్కడ దాని బదులు, ప్రజలందరూ తన బిడ్డలేనంటూ అధికారులకు ఇచ్చిన ఆదేశాలు చెక్కించాడు. పూరీ యాత్రకు వెళ్లి, దారిలో ధౌలి కొండ మీద 1972 నాటి తెల్లని శాంతి స్తూపం చూసి వచ్చే శ్రీకాకుళం జనానికి, చచ్చినవారి లెక్క ఆ కొండ రాతి మీద లేదని చెప్పే గైడు దొరకడం కష్టం.

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో గత శతాబ్దపు పోరాటాల్లో జరిగిన చావులు జాతి నిర్మూలన కిందికి రావు. 1948 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాతి, తెగ, మత సమూహాలను తుడిచిపెట్టే ప్రయత్నానికే ఆ పేరు పెట్టింది, రాజకీయ హత్యల్ని వదిలేసింది. ఈ రెంటినీ ఒకే పేరుతో కలిపేస్తే రెండు రకాల చోట్లా చనిపోయినవారికి అన్యాయమే. అయినా పరాయివాడి బాధ్యత ఇక్కడా అదే. పలాసలో 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవిలో కలప కొట్టిన రైతుల కోసం పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. అడ్డుపడిన జనంపై కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. ఆ ఊళ్లో ఆమె స్మారకం ఉంది. మందసకు వాసుదేవాలయం కోసమో, కోవా కోసమో వచ్చేవారిలో ఎక్కువమంది అటు వెళ్లరు.

పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉండి శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమంలో చేరిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఊరి పంచాది కృష్ణమూర్తి ఆ ఏడాది మే నెలలో. అక్కడి స్మారకం వారి సహచరులూ బంధువులూ నిలుపుకున్నది. ఆ ఉద్యమం చేతిలో హతులైన భూస్వాముల, వడ్డీ వ్యాపారుల పేర్లకు అందులో చోటు ఉండదు, ఉండాలన్నది ఆ ఇళ్లవారిని అడగదగ్గ మాటా కాదు. బంధువుకు తనవారి పేరు చాలు. పరాయివాడు మాత్రం పోలీసు కాల్పుల్లో పోయినవారెవరో, ఉద్యమం చంపినవారెవరో, ఏ భూమి తగాదాలో ఎవరు ఏ పక్షాన నిలిచారో తెలుసుకోవలసి ఉంటుంది.