నిలుచుటయే గౌరవమా?

పాఠశాలల క్రీడోత్సవము ముగియు వేళ డోన్ పట్టణమున గాని, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పల్లెలలో గాని ఒక దృశ్యము కానవచ్చును. బహుమతి ప్రదానము పూర్తియైన పిమ్మట బాలబాలికలు దుమ్ము కొట్టుకొనిన కాళ్లతోనే వరుసలు దీరి జనగణమన పాడుదురు. గెలిచినవారును ఓడినవారును ప్రక్కప్రక్కన నిలుతురు. ఎవరి కులమేదో, ఎవరి తండ్రికి ఎన్ని ఎకరములు కలవో ఆ 52 సెకండ్లపాటు ఎవరికిని గుర్తుండదు. ఈ గీతముతో రాయలసీమకు ప్రత్యేకమైన బంధము కూడ కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసినపుడు దీనిని ఆంగ్లములోనికి అనువదించెను. అచ్చటనే మార్గరెట్ కజిన్స్ దీని బాణీకి స్వరములు కూర్చెను.

అట్టి వరుసలో ఒక్క బాలుడు పెదవి విప్పక మౌనముగా నిలిచినచో, లేక చేతికి నల్లపట్టీ కట్టుకొని వచ్చినచో ఉపాధ్యాయుడేమి చేయవలెను? దండింపవలెనా? కారణము విచారింపవలెనా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని ప్రపంచ క్రీడారంగమును అది అర్ధశతాబ్దికి పైగా కలవరపెట్టుచున్నది.

1968 అక్టోబరు 16న మెక్సికో ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల పరుగున ప్రథముడైన టామీ స్మిత్, తృతీయుడైన జాన్ కార్లోస్ అను అమెరికా నల్లజాతి యువకులు పాదరక్షలు విడిచి, నల్లని మేజోళ్లతో విజయవేదిక నెక్కిరి. ఆ మేజోళ్లు తమ జాతి పేదరికమునకు గుర్తులు. తమ దేశగీతము మ్రోగుచుండగా వారు తలలు వంచి, నల్లని తొడుగు వేసిన పిడికిలి పైకెత్తిరి. ఫలితముగా జట్టునుండి తొలగింపబడిరి. ద్వితీయుడైన పీటర్ నార్మన్ ఆస్ట్రేలియాకు చెందిన తెల్లజాతివాడు. అతడు పిడికిలి ఎత్తలేదు, తిన్నగానే నిలిచెను. అయినను మానవహక్కుల చిహ్నమును రొమ్మున ధరించి వారి పక్షమున నిలిచెను. 2006లో అతడు మరణించినపుడు శవపేటికను మోసినవారిలో స్మిత్, కార్లోస్ ఇరువురును ఉండిరి. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు అతని యెడల జరిగిన అన్యాయమునకు క్షమాపణ తెలిపెను.

2016లో అమెరికా ఫుట్‌బాల్ క్రీడాకారుడు కాలిన్ కేపర్నిక్ నల్లజాతివారిపై పోలీసుల దౌర్జన్యమును నిరసించుచు గీతము వేళ మొదట కూర్చుండెను. ఒక మాజీ సైనికునితో సంభాషించిన పిమ్మట, సైనికుల త్యాగమునకు అగౌరవము కలుగరాదని తలచి, కూర్చుండుట మాని ఒక మోకాలిపై వంగెను. అయినను ఆగ్రహము చల్లారలేదు. ఆ సంవత్సరపు ఆటలు ముగిసిన తరువాత అతనికి ఏ జట్టులోను చోటు దొరకలేదు.

ఇచ్చట ఒక విషయము ఆలోచింపదగియున్నది. పెద్దల పాదములకు వంగుట గౌరవము. అతిథి రాగా లేచుట గౌరవము. పూజకు కూర్చుండుట గౌరవము. కావున గౌరవాగౌరవములు అవయవములలో లేవు, వాటిని కదలించు మనస్సులో కలవు. అయితే మనస్సు పరులకు కనబడదు, దేహమే కనబడును. వివాదమంతయు అచ్చటనే పుట్టుచున్నది.

ఆక్షేపించువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. క్రీడాకారుడు దేశము పేరున, ప్రజల ధనముతో మైదానమునకు వచ్చినవాడు. ప్రేక్షకులలో కొడుకును సరిహద్దున కోల్పోయిన తల్లి ఉండవచ్చును. ఆమెకు ఆ గీతము కొడుకు జ్ఞాపకము. ఎవరి ఫిర్యాదు వారు ఆ క్షణముననే ప్రదర్శించినచో, అందరును కలిసి నిలువదగిన క్షణమొక్కటియు మిగులదు. ఈ వాదములో సత్యము కలదు.

కాని దేశభక్తి ఎల్లప్పుడును అధికార లాంఛనమునకు వంగుటలోనే ఉండదని మన క్రీడా చరిత్రయే తెలుపుచున్నది. 1936లో బెర్లిన్‌నందు మన హాకీ జట్టు పరాయి పాలకుల పతాకము క్రింద ఆడవలసివచ్చెను. ఆగస్టు 15న జర్మనీతో తుది పోటీకి ముందు, ధ్యాన్‌చంద్ నాయకత్వములోని ఆటగాండ్రు విశ్రాంతి గదిలో కాంగ్రెసు త్రివర్ణ పతాకమునకు వందనము చేసి మైదానమునకు నడచిరి. 8-1 తేడాతో గెలిచిరి. నాటి ప్రభుత్వ దృష్టిలో అది ధిక్కారమే. నేటి భారతీయునికి అది పుణ్యస్మృతి.

స్వతంత్ర భారతములోను ఈ ప్రశ్న న్యాయస్థానమునకు ఎక్కెను. కేరళలో యెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయగీతము వేళ లేచి నిలిచెడివారు, కాని తమ విశ్వాసము ననుసరించి పాడెడివారు కారు. 1985లో వారిని బడినుండి తొలగించిరి. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టివేసెను. తీర్పు వ్రాసినవారు రాయలసీమ బిడ్డయైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పాడి తీరవలెనని ఏ శాసనమును లేదనియు, మౌనముగా నిలుచుట అవమానము కాదనియు ఆయన తేల్చిరి. 1971 నాటి చట్టము సైతము గీతాలాపనను బుద్ధిపూర్వకముగా అడ్డగించుటను, పాడుచున్న సభకు భంగము కలిగించుటను మాత్రమే నేరముగా పేర్కొనుచున్నది.

బలవంతపు గౌరవమెంత దూరము పోగలదో కూడ దేశము చూచినది. 2016లో పణజిలోని ఒక సినిమాహాలులో, గీతము వేళ లేవలేదని ఒక మనిషిని వెనుకనుండి కొట్టిరి. అతడు చక్రముల కుర్చీకే పరిమితమైనవాడు, లేవలేనివాడు. కొట్టినవారు నిలిచియే ఉండిరి. ఆ క్షణమున గీతమును అవమానించినది ఎవరు?

బసవేశ్వరుని జీవితమున ఈ సందేహమునకు వెలుగు దొరకును. బాల్యముననే ఆయన ఉపనయనమును నిరాకరించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. బంధువులందరు పవిత్రమని భావించిన కర్మను కాదనుట వారికి ద్రోహముగనే తోచి యుండును. కాని ఆయన ఎవరి పూజను చెడగొట్టలేదు. తాను నమ్మని దానిని తాను స్వీకరింపలేదు, అందుకు ప్రతిఫలముగా పుట్టినింటిని విడిచెను. కాదనుటలోని ధర్మము అచ్చటనే కలదు. కాదనువాడు మూల్యమును తానే చెల్లింపవలెను, పరుల భక్తికి భంగము కలుగనీయరాదు, నోరులేనివారి కొరకు మాటాడవలెను గాని తన కీర్తి కొరకు కాదు. స్మిత్, కార్లోస్, నార్మన్‌లు ఈ పరీక్షకు నిలిచిరి. అందుకనియే నాడు ఈలలు వేసిన లోకము నేడు వారిని స్మరించుచున్నది. ఈ పరీక్షకు నిలువని చేష్ట, అది పిడికిలి ఎత్తుటయైనను, పరుల చూపు కొరకు చేయి రొమ్మున ఉంచుటయైనను, వట్టి వేషము.

కావున డోన్ మైదానమున ఆ ఉపాధ్యాయుడు చేయదగినది సుస్పష్టము. గీతము ముగియువరకు తానును భక్తితో నిలువవలెను. ముగిసిన పిమ్మట బాలుని ప్రక్కకు పిలిచి, నాయనా, ఏమి కష్టము కలిగినదని అడుగవలెను. ఆ బాలుని ఇంట అన్యాయమేదైన జరిగి యుండవచ్చును, మరియొక విశ్వాసము ఉండవచ్చును, వట్టి పెంకితనమును కావచ్చును. అడుగనిదే తెలియదు. వినువారు కలరని తెలిసిన బిడ్డ మరునాడు ఎవరును ఆజ్ఞాపింపకయే లేచి నిలుచును. అట్లు నిలిచిన నిలుపే దేశమునకు బలము.