ఇంటిలో తెరలు, ఇంటివారి కూడిక



తెలుగులో తొలి శాసనంగా పేరొందినది దొరికింది మన కడప జిల్లా కలమల్లలోనే. క్రీ.శ. 575 నాటి ఆ అక్షరాలు రాతిమీద నిలిచాయి. బిడ్డల మనస్సుపై పడిన గుర్తులూ త్వరగా చెరగవు. మరి రోజూ వాటిపై ఏమి పడుతున్నది?

1995లో జెమినీ, ఈటీవీ వచ్చిన రోజుల్లో ఇంటికొక టీవీ ఉంటే గొప్ప. ఏది చూడాలని తగవులాడినా అందరూ ఒకచోటే కూర్చునేవారు. నేడు కొందరు కేబుల్ తీసివేసి, 2020లో మొదలైన ఆహా వంటివాటికి చందా కడుతున్నారు. అందులో పాపమేమీ లేదు. సీరియల్ వేళ అని ప్రార్థనను ఇక వాయిదా వేయనక్కరలేదు. కానీ ఒక భాగం ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. తండ్రి ఒక ఫోనులో, తల్లి మరొక ఫోనులో, బిడ్డ దుప్పటి చాటున. తగవు పోయింది, మాటా పోయింది.

బిడ్డలు చూసేవాటిని తల్లిదండ్రులు జాగ్రత్తగా గమనించాలని 1963లోనే రెండవ వాటికన్ మహాసభ బోధించింది. ఇద్దరు ముగ్గురు కూడినచోట తానుంటానన్నారు ప్రభువు. మనం కూడితేనే కదా!

ఈ రాత్రి నుండి జపమాల వేళకు ఫోనులన్నీ ఒక పళ్లెంలో పెట్టండి. మొదట పెద్దలు పెట్టండి. పిమ్మట చూడదలచినది అందరూ కలిసి చూడండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక.