తోక మాత్రమే మాది

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి పెట్టిన ఫ్యాక్టరీ ఒకటుంది. 2018లో మొదలైంది. అపాచీ యుద్ధ హెలికాప్టర్ బాడీ అక్కడ తయారవుతుంది. 737 ప్రయాణికుల విమానానికి వెనకాల నిలువుగా లేచి ఉండే తోకరెక్క కూడా అక్కడే తయారవుతుంది. ఒకటి మనల్ని గోవాకో దుబాయ్‌కో చేర్చేది, ఇంకోటి పైనుంచి ట్యాంకుల్నీ మనుషుల్నీ వేటాడేది. రెండిటికీ అవే డ్రిల్లులు, అవే రివెట్లు, అదే తనిఖీ. చేసే చేతులకి తేడా తెలియనక్కర్లేదు. మరి నీతి దృష్టిలో కూడా ఇవి రెండూ ఒకే రకం పనేనా అన్నది నా ప్రశ్న.

"అవి వేర్వేరు వ్యాపారాలు" అనేయడం తేలిక. బోయింగ్ చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు. 1954లో ఆ కంపెనీ సొంత డబ్బుతో ఒక నమూనా జెట్ ఎగరేసింది. గాల్లోనే యుద్ధవిమానాలకి ఇంధనం నింపే కేసీ-135 దాంట్లోంచే వచ్చింది. 707 అనే ప్రయాణికుల విమానం కూడా దాంట్లోంచే వచ్చింది. మన నౌకాదళం జలాంతర్గాముల్ని వెతకడానికి వాడే పీ-8ఐ కూడా 737 మీద కట్టిందే. పొయ్యి ఒకటే, వంటలే రెండు.

అయినా ఈ రెండు వంటల్లో ఒక పెద్ద తేడా ఉంది. 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో 737 మ్యాక్స్ విమానాలు రెండు కూలి 346 మంది చనిపోయారు. ప్రపంచమంతా ఆ రకం విమానాల్ని నేలమీద నిలిపేశారు. విచారణలు జరిగాయి, కంపెనీ అధిపతి అమెరికా కాంగ్రెస్ ముందుకొచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జరగాల్సిందే. ప్రయాణికుల విమానం మనుషుల్ని చంపితే అది లోపం. అదే కంపెనీ చేసే జేడ్యామ్ సంగతి చూడండి. అది మామూలు బాంబుకి తగిలించే తోక. జీపీఎస్ సాయంతో బాంబుని గురి దగ్గరికి నడిపిస్తుంది. అది మనుషుల్ని చంపితే బాగా పనిచేసినట్టు లెక్క. ఏ పనైనా శ్రద్ధగా చెయ్యడం మంచి గుణమని నేర్చుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఇక్కడ ఆ శ్రద్ధే ప్రాణం తీసే పనికి పనికొస్తోంది. గురి కచ్చితంగా ఉంటే పక్కింటివాళ్లు బతుకుతారు కదా అని ఒక వాదన ఉంది. నిజమే, గురి ఎవరో సరిగ్గా ఎంచుకుంటే. కానీ ఆ ఎంపిక తోక చేతిలో లేదు.

సరిగ్గా ఇక్కడే అందరి నోటా ఒక మాట వినిపిస్తుంది: "మేం చేసింది ముక్కే కదా." బాంబు వేరేవాళ్లది, తోక ఇంకొకళ్లది, విమానం మరొకళ్లది, మీట నొక్కేది ఏదో దేశపు పైలట్. చేసినవాడికీ, చేయించినవాడికీ, ప్రేరేపించినవాడికీ, ఆమోదించినవాడికీ పాపపుణ్యాల్లో సమాన వాటా ఉంటుందని మన పెద్దలు ఒక శ్లోకం చెబుతుంటారు. సమానం అన్న మాట నేను ఒప్పుకోను. రివెట్ కొట్టే కుర్రాడికీ, ఎవరికి అమ్మాలో తేల్చే మంత్రికీ ఒకే పాపం అంటే మంత్రిగారికి అంతకంటే లాభసాటి బేరం ఉండదు. వాటాల్లో తేడా ఉండాల్సిందే. కాకపోతే ఎవరి వాటా కూడా సున్నా కాదు.

ఆ శ్లోకం లెక్కలోకి తీసుకోనివాడు ఒకడున్నాడు, అప్పిచ్చేవాడు. సుమతీ శతకకారుడైతే ఊళ్లో ఉండాల్సినవాళ్లలో వాణ్ణే మొదట చెప్పాడు. విమానాన్ని రొక్కమిచ్చి కొనే సంస్థలు తక్కువ. అందుకే తయారుచేసేవాళ్లే అప్పు కూడా చూపిస్తారు. బోయింగ్‌కి చాలాకాలం బోయింగ్ క్యాపిటల్ అని సొంత ఫైనాన్స్ సంస్థ ఉండేది. కొనేవాళ్లకి బ్యాంకు దొరక్కపోతే అప్పో లీజో తనే ఇచ్చేది. అమెరికా ప్రభుత్వపు ఎగ్జిమ్ బ్యాంక్ విదేశీ కొనుగోళ్లకి ఎంతగా హామీ ఉండేదంటే, దాన్ని 'బోయింగ్ బ్యాంక్' అని వెక్కిరించేవాళ్లు. ఎయిర్ ఇండియా కొన్న బోయింగ్‌లకీ ఆ హామీ దొరికింది. ఆయుధాల వైపు కూడా ఇలాంటి ఏర్పాటుంది. 2016 ఒప్పందం ప్రకారం అమెరికా పదేళ్లలో ఇజ్రాయెల్‌కి 3,800 కోట్ల డాలర్ల సైనిక సాయం ఇస్తుంది. అందులో ఎక్కువ భాగం అమెరికా ఆయుధాలు కొనడానికే తిరిగి వెళ్తుంది.

అప్పిచ్చినవాడికి ఉన్నంత జ్ఞాపకశక్తి ఇంకెవరికీ ఉండదు. 2001లో కేప్‌టౌన్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం పుణ్యమా అని విమానం బాడీ మీద ఎవరికి హక్కుందో, ఇంజన్ మీద ఎవరికి హక్కుందో విడివిడిగా ఒక రిజిస్ట్రీలో నమోదవుతుంది. ఇంజన్ విప్పి ఇంకో విమానానికి బిగించినా ఆ పేరు చెరిగిపోదు. లీజు ముగిసి విమానం తిరిగొచ్చేటప్పుడు, ఇంజన్లో ఫలానా డిస్కు పుట్టినప్పట్నుంచీ ఎక్కడెక్కడ తిరిగిందో కాగితాలు చూపించాలి. లేకపోతే దాని విలువ పడిపోతుంది. 2023లో గో ఫస్ట్ మూతపడినప్పుడు, లీజుకిచ్చినవాళ్లు కోర్టుకెళ్లారు. వాళ్ల 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2025లో ఇలాంటివాళ్ల హక్కుల కోసమే మన పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది.

ఆ కేప్‌టౌన్ ఏర్పాట్లలో ఒక మినహాయింపు ఉంది. సైన్యం, కస్టమ్స్, పోలీసులు వాడే విమానాలకి అది వర్తించదు. యుద్ధవిమానాన్ని జప్తు చెయ్యడానికి ఏ దేశమూ ఒప్పుకోదు కాబట్టి అలా రాసుకున్నారు, అందులో కుట్రేమీ లేదు. నన్ను ఆపింది వేరే సంగతి. ముక్కలు ముక్కలుగా, దేశదేశాల్లో తయారై, చేతులు మారే వస్తువు విషయంలో ఎవరికెంత హక్కో చెప్పడం అసాధ్యం కాదని ఈ పరిశ్రమే రుజువు చేసింది. డబ్బు మునిగే చోట ఒక్క ఇంజన్‌ని కూడా తప్పిపోనివ్వరు. మరి ప్రాణాలు పోయే చోట "గొలుసు చాలా పొడుగు, ఎవరిదని చెప్తాం" అంటే ఆ మాట నమ్మడం నాకు కష్టంగా ఉంది.

ఆయుధాలే వద్దని నేను అనడం లేదు. సరిహద్దులున్న దేశానికి సైన్యం కావాలి, సైన్యానికి హెలికాప్టర్లు కావాలి. మన ఆర్మీకి అపాచీలు 2025లో వచ్చాయి. ఆత్మరక్షణ న్యాయమే. కానీ ఎవరి ఆత్మరక్షణ, ఎవరి మీద అన్న ప్రశ్నకి జవాబుంటేనే అది న్యాయమవుతుంది. అపాచీలు వాడే దేశాల్లో మనం ఉన్నాం, బ్రిటన్ ఉంది, ఇజ్రాయెల్, సౌదీ కూడా ఉన్నాయి. 'దేశరక్షణ' అన్న ఒక్క ముద్ర వాటన్నిటికీ సరిపోదు.

కొన్నిచోట్ల ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. ఎఫ్-35 విడిభాగాలు నెదర్లాండ్స్ నుంచి ఇజ్రాయెల్‌కి వెళ్లకుండా ఆపమని 2024 ఫిబ్రవరిలో హేగ్ అప్పీల్ కోర్టు ఆదేశించింది. 2025లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇచ్చిన లైసెన్సుని మళ్లీ పరిశీలించి తీరాలని ప్రభుత్వానికి చెప్పింది. విడిభాగాలే కదా అని అక్కడెవరూ వదిలెయ్యలేదు. ఇజ్రాయెల్‌కి ఆయుధాల ఎగుమతి ఆపమంటూ మన సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌ని 2024 సెప్టెంబర్‌లో కొట్టేశారు. విదేశాంగ విధానం కోర్టుల పని కాదన్నారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆయుధ వ్యాపార ఒప్పందం, దాడి హెలికాప్టర్లనీ వాటి భాగాలనీ ఎవరికి పంపుతున్నారో చూసుకోమంటుంది. ఆ రోజు ఓటింగ్‌కి మనం దూరంగా ఉన్నాం. ఇప్పటికీ అందులో చేరలేదు.

ఆదిభట్లలోనో, అలాంటి ఇంకో చోటో పనిచేసే మన బ్యాచ్‌మేట్‌ని ఉద్యోగం మానెయ్యమని నేను అడగను. ఇంటి అద్దె, చెల్లి ఫీజు, అమ్మ మందులు ముందు పెట్టుకుని ఉన్నవాడికి నీతి బోధించడం చాలా చవకైన పని. కానీ తను చేసిన ముక్క ఏ దేశం చేరుతోందో అడిగే హక్కు వాడికి ఉండాలి. అడిగినందుకు ఉద్యోగం పోకూడదు. వాడి పక్షాన గట్టిగా అడగాల్సింది పన్ను కట్టే నేను, ఓటేసే మీరు. ఏ దేశానికి ఏ రకం సైనిక సామగ్రికి లైసెన్సులిచ్చిందో బ్రిటన్ మూడు నెలలకోసారి ప్రచురిస్తుంది. అంతమాత్రాన బ్రిటన్ ఆయుధాలు అమ్మడం మానలేదు, నిజమే. కానీ "మాకు తెలీదు" అనే వీలు అక్కడివాళ్లకి పోయింది. లీజుదారుల కోసం చట్టం చేసినంత శ్రద్ధతో మన పార్లమెంటు ఆ జాబితా కూడా అడిగితే, ఆ వీలు మనకీ పోతుంది. ఆ తర్వాత వచ్చే ఇబ్బందే అసలైన నీతి ప్రశ్న. తెలిసి కూడా అమ్ముతామా? ఆ ప్రశ్న దాకా మనం ఇంకా రాలేదు.